పదకొండో సెకను

గోదాంలోని స్కేట్‌బోర్డు ర్యాంపు మీద నుంచి శ్రీలత పడి ఆ గురువారానికి పంతొమ్మిది రోజులు. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. సిమెంటు పట్టీ వేయించుకొని కేసముద్రంలో తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె అంతకుముందే పాడిపెట్టిన గొంతుతో వినోద పాట పూర్తిచేసి, "బర్రున" అని పేరు పెట్టి విడిచింది. వారం తిరక్కముందే అది వరంగల్ ఆటోల్లో, హన్మకొండ హాస్టళ్ళలో, చాయ్ హోటళ్ళలో మోగసాగింది. పాట పేరు పెరిగేకొద్దీ గోదాం యజమాని ఓంప్రకాశ్ సేటుకు కేసవుతుందేమోనన్న భయమూ పెరిగింది. శనివారం లోపు ఆ పిల్ల తండ్రి కాగితం మీద సంతకం పెట్టాలి, లేకపోతే గేటుకు తాళం వేస్తానన్నాడు. ఆ కాగితం సంచిలో పెట్టుకొని వినోద రైలెక్కడంతో పోయినవారం కథ ఆపాం.

ప్యాసింజర్‌లో కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. వినోద కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి, వీపు ఇనుప గోడకు ఆనించి, వేళ్ళతో తొడల మీద దరువు వేస్తూ పోయింది. రైలు వేగం మారినప్పుడల్లా దరువూ మారింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి ఒక్కచోట పది నిమిషాలు కుదురుగా కూర్చున్నట్టు ఆమె తల్లికి కూడా గుర్తులేదు. తండ్రి కుమారస్వామిది నెక్కొండలో పెళ్ళిళ్ళ బ్యాండు. ఎనిమిదేళ్ళప్పుడే సైడ్ డ్రమ్ము మెడకు తగిలించుకొని ఆయన వెనక బరాత్‌లలో నడిచింది. తర్వాత హైదరాబాదులో ఒక స్టూడియోలో సౌండ్ పని నేర్చుకుంది. స్టూడియో పక్క ఖాళీ జాగాలో కుర్రాళ్ళు ఆడుతుంటే చూసి స్కేట్‌బోర్డూ నేర్చుకుంది. నాలుగు చక్రాల చెక్క సిమెంటు మీద పోతున్నప్పుడు వచ్చే చప్పుడులో ఆమెకు డప్పు వినిపించింది. ఆ రెంటినీ కలపాలన్న పిచ్చితోనే మూడేళ్ళ కింద వరంగల్ చేరింది.

పాత గ్రెయిన్ మార్కెట్ దారిలో ఖాళీగా పడి ఉన్న పత్తి గోదాం దొరికింది. మొదట ముగ్గురు పిల్లలు వచ్చారు. ఇప్పుడు పన్నెండు మంది. హమాలీల పిల్లలు, టైలరింగు చేసే తల్లుల పిల్లలు, హాస్టల్ ఆడపిల్లలు. గంటసేపు బోర్డు, గంటసేపు పాట. చక్రాల చప్పుడే తాళం. నలుగురిలో నోరు విప్పని పిల్లలు ఆ తాళానికి మాట కట్టడం నేర్చుకున్నారు. "ఇల్లిరుకు, బడిరుకు, గల్లిరుకు... కాళ్ళకింద ఊరంత ఎడల్పు" అన్న ముక్క శ్రీలతదే. పదిహేడేళ్ళ పిల్ల, ఇంటర్ రెండో సంవత్సరం. బొంగురు గొంతని బడిలో ప్రార్థనకు కూడా నిలబెట్టలేదట. ఆ బొంగురు గొంతే పాటకు ప్రాణమైంది. ఎత్తు ర్యాంపు మొదట దిగిందీ ఆమే.

నెక్కొండలో రైలు ఆగింది. దిగితే పది నిమిషాల్లో ఇల్లు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. సంచిలో కాగితం ఉందో లేదో తడిమి చూసుకుంది. నిజానికి ఆమెను కుదురుగా ఉండనివ్వనిది ఆ కాగితం కాదు. పాటలో పదకొండో సెకను.

ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. శ్రీలత పడిన రోజు వినోద చక్రాల చప్పుడు కోసం రికార్డరు పట్టుకొని ర్యాంపు పక్కనే నిలబడి ఉంది. పిల్ల పడగానే రికార్డరు ఎక్కడ పడేసిందో కూడా చూసుకోకుండా ఉరికింది. ఆమెతో కలిసి పాటలు చేసే భాస్కర్ దాన్ని ఏరి తెచ్చి దవాఖానలో చేతికిచ్చాడు. లోపల పట్టీ వేస్తున్నంతసేపు వరండాలో బెంచీ మీద కూర్చోలేక, మిషను చెడిపోయిందేమో చూద్దామని హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుంది. చక్రాల హోరు. ఉన్నట్టుండి అర సెకను ఏమీ లేదు. చక్రాలు చెక్కను వదిలిన క్షణం అది. తర్వాత ఫట్‌మని ఒక చప్పుడు, వెంటనే సన్నగా "అవ్వా" అన్న గొంతు. వాటి మధ్య ఎడం ఎవరో కొలిచి పెట్టినట్టు ఉంది.

వినోదకు మొదట తట్టింది లోపలున్న పిల్ల చెయ్యి కాదు. రెండు నెలలుగా చిక్కని పాట ఎత్తుగడ చిక్కిందన్న మాట తట్టింది. సిగ్గు తర్వాత వేసింది. సిగ్గేసినా దాన్ని చెరిపెయ్యలేదు. ఇంటికి పోయి ఆ గొంతును సగానికి కోసి, మందం చేసి, ఫట్‌మన్న చప్పుడుతో సహా పాటలో పదకొండో సెకను దగ్గర పెట్టింది. ఈ సౌండ్ ఎక్కడిదని భాస్కర్ మెచ్చుకుంటూ అడిగితే, చెక్కను కింద పడేసి తీశానని చెప్పింది.

కేసముద్రంలో దిగేసరికి పదకొండు దాటింది. మార్కెట్ యార్డు నిండా మక్కజొన్నల కుప్పలు. ఎండకు పసుపుగా మెరుస్తున్న గింజల మధ్య నుంచి, దుమ్ములో, తుమ్ముకుంటూ నడిచింది. రెండో షెడ్డు దగ్గరికి రాకముందే పాట వినిపించింది. స్తంభానికి తాడుతో కట్టిన ఫోన్లోంచి శ్రీలత గొంతు.

"రాండ్రి మేడం, రాండ్రి," అంటూ శ్రీలత తండ్రి ఉప్పలయ్య తలరుమాలు తీసి ముఖం తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. బస్తాల రాపిడికి మెడ వెనక చర్మం కాయకట్టి ఉంది. పక్కనున్న ముసలి హమాలీని పిలిచాడు. "పోశన్నా, ఈ మేడమే. మా పిల్లకు పాట నేర్పింది."

"బర్రున మేడమా," అన్నాడు పోశయ్య, నోట్లో పళ్ళు లేని నవ్వుతో. "పొద్దుగాల్నుంచి గదే మోగుతాంది."

"పాట పెట్టుకుంటె పని తెల్వకుండ అయితాంది మేడం," అన్నాడు ఉప్పలయ్య. "మొదట్ల ఫట్టుమని ఒక సప్పుడు అస్తది సూడుండ్రి, ఆడికి రాంగనే అందరం ఒక్కపారే బస్తా దించుతం. జర ఉండుండ్రి, సూపిస్త."

వద్దనేలోపు ఆయన పాటను మళ్ళీ మొదటికి తిప్పాడు. నలుగురు హమాలీలు బస్తాలు వీపుల మీదికి తీసుకొని వరసగా నిలబడ్డారు. చక్రాల హోరు మొదలైంది. వినోద నేల చూసింది. ఫట్ అన్న చప్పుడుతో పాటే నాలుగు బస్తాలు ఒక్కసారి సిమెంటు మీద పడ్డాయి. దుమ్ము లేచింది. అందరూ నవ్వారు. ఉప్పలయ్య ఆమె ముఖం వైపు మెప్పు కోసం చూశాడు.

"మంచిగున్నది కాకా," అంది.

కాగితం తీసి చదివి వినిపించింది. తన కూతురు పడటం అనుకోకుండా జరిగిందని, అందులో ఎవరి తప్పూ లేదని, ఇకముందు కూడా ఆమెను అక్కడికి పంపడానికి తనకు అభ్యంతరం లేదని ఉప్పలయ్య ఒప్పుకుంటున్నట్టు అందులో రాసి ఉంది.

"గింతేనా? దీనికి మీరు రైలెక్కి రావాల్నా? ఫోన్ చేస్తే నేనే అస్తుంటి," అన్నాడు ఆయన. "పిల్లలన్నంక పడరా మేడం. నేను లారీ మీదికెల్లి పడి మూడు నెలలు మంచంల ఉన్న. మళ్ళ లేవలేదా. పెన్నియ్యుండ్రి."

చేతులు రుమాలుకు శుభ్రంగా తుడుచుకున్నాడు. కాగితాన్ని బస్తా మీద పరిచి, ముడత పడకుండా అరచేత్తో దువ్వాడు. వినోద పెన్ను తీసి మూత విప్పింది. ఇంకొక్క నిమిషం గడిస్తే పని అయిపోతుంది. మూడు గంటల రైలు కూడా అక్కర్లేదు, బస్సు పట్టుకొని సాయంత్రానికి పిల్లల మధ్యకు పోవచ్చు.

"బాపు, బువ్వ తిన్నంక పెడుదువు సంతకం," అన్న మాట వెనక నుంచి వచ్చింది.

శ్రీలత. ఎడమచేతిలో టిఫిన్ గిన్నె, కుడిచెయ్యి మెడకు కట్టిన చున్నీలో. పంతొమ్మిది రోజుల్లో చిక్కింది. వినోదను చూసి నవ్వలేదు. గిన్నెను తండ్రి పక్కన పెట్టి, "అక్కతోని జర మాట్లాడేదున్నది," అని షెడ్డు చివరికి నడిచింది.

తూకం అయిపోయిన బస్తాల దొంతర వెనక నీడ ఉంది గానీ గాలి లేదు. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"చెయ్యెట్లున్నది?" అంది వినోద.

"దురద పెడ్తాంది. లోపటికి ఏలు పోదు. చీపురుపుల్ల పెట్టి గోక్కుంటాన." ఆమె చూపు వినోద మెడ మీద పడింది. "హెడ్‌ఫోన్ ఇయ్యక్కా."

అది ఎప్పుడూ వినోద మెడలోనే ఉంటుంది. తీసి ఇచ్చింది. శ్రీలత తన ఫోన్లో పాట పెట్టి, పదో సెకను దగ్గర ఆపి, హెడ్‌ఫోన్‌ను తిరిగి వినోద చెవులకే పెట్టింది. ఒక్క చేత్తో పెట్టడం వల్ల ఒకవైపు జారింది. దాన్ని సర్ది, బొటనవేలితో నొక్కింది.

చప్పుడు, దాని వెనక సగం తెగిన గొంతు. అంతటితో ఆపేసింది.

"ఏంది అది?"

భాస్కర్‌కు చెప్పిన జవాబు వినోద నాలుక మీదే ఉంది. నోరు తెరిచింది.

"చెక్క అనకు," అంది శ్రీలత. "చెక్క సప్పుడు నాకు ఎర్క. రెండేండ్ల సంది ఇంటాన. అది నా చెయ్యి."

వినోద హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది. షెడ్డు అవతల ఎవరో కాంటా లెక్క గట్టిగా చదువుతున్నారు.

"అవును," అంది. "నీ చెయ్యే."

శ్రీలత తల ఊపింది. ఏడుస్తుందనుకుంది వినోద. ఏడవలేదు.

"మొదటిసారి ఇన్నప్పుడు అమ్మ పక్కన కూసోని ఉన్న. మస్తున్నదే అన్నది అమ్మ. నేను మళ్ళ పెట్టిన. ముప్పైసార్లు పెట్టి ఉంట. ఆ సప్పుడు అచ్చినప్పుడల్ల పట్టీ లోపట చెయ్యి గుంజుతాంది. నాకంటె ముందుగాల చెయ్యికే తెలిసిందక్కా."

"నిన్ను అడగాల్సి ఉండె."

"ఎందుకు అడగలే?"

"అద్దంటవేమోనని."

"అంటుంటినా?"

"ఏమో."

"నాకూ ఏమో," అంది శ్రీలత. "అడిగితె ఏమంటుంటినో ఇప్పుడు నాకే తెల్వది. గదే నా కోపం. అద్దు అనేది లేకుంట చేసినవ్. సరె అనేది గూడ లేకుంట చేసినవ్. మా కాలేజ్ పిల్లలు దాని మీద రీల్స్ చేస్తాండ్లు. ఫట్టన్న కాడ ఒకామె జుట్టు ఎగరేస్తది, ఇంకొకామె కింద పడ్డట్టు చేస్తది. చేసి నాకే పంపుతాండ్లు. నేను గుండె బొమ్మ పెట్టి పంపుతాన. ఇంకేం పెట్టాలె?"

వినోదకు నిలబడ్డచోట కాళ్ళు నిలవలేదు. రెండడుగులు అటు వేసి ఇటు తిరిగింది. "తీసేస్త. ఇయ్యాలనే తీసేసి కొత్తది పెడ్త."

"తీస్తె జనం ఫోన్లల్ల ఉన్నది పోతదా?"

"పోదు."

"మరి ఎవలి కోసం తీస్తవ్?" శ్రీలతే మళ్ళీ అడిగింది. "దవాఖానల ఇన్నప్పుడు నీకు మంచిగ అనిపిచ్చిందా? నిజం చెప్పు."

"అనిపిచ్చింది."

"నాకూ అనిపిచ్చింది," అంది శ్రీలత మెల్లగా. "నాది కాదనుకొని ఇంటె మస్తుంటది. నాదని యాదికి రాంగనే తట్టుకోలేను. రోజు గిదే పరేషాన్. తిండి పోతలేదు."

బస్తాల సందులోంచి తండ్రి కనిపిస్తున్నాడు. అన్నం తినడం అయిపోయింది. గిన్నె కడిగి, చేతులు మళ్ళీ తుడుచుకొని, కాగితం ముందు కూర్చొని ఎదురుచూస్తున్నాడు. గాలికి ఎగరకుండా దాని మీద రెండు మక్క కంకులు పెట్టాడు.

"బాపుకు చెప్పు," అంది శ్రీలత. "నేను చెప్తె నువ్వు తప్పిచ్చుకున్నట్టయితది. చెప్పకుండ సంతకం తీసుకపోయినవనుకో, ఇగ నేను ఆ గోదాంల అడుగు పెట్ట."

ఆ పదిహేను అడుగుల దూరం నడుస్తున్నంతసేపూ వినోద చెప్పకుండా ఉండటానికి కారణాలు వెతుక్కుంది. పదకొండు మంది పిల్లలున్నారు. శనివారం ఎల్లుండే. తాళం పడితే వాళ్ళు మళ్ళీ గల్లీ చివర ఫోన్లు చూస్తూ కూర్చుంటారు. సంతకం పెట్టించుకొని రేపు ఫోన్లో చెప్పవచ్చు. అన్నీ నిజమే అనిపించాయి. ఉప్పలయ్య పెన్ను కోసం చెయ్యి చాచాడు.

"కాకా, సంతకానికి ముందు మీరొకటి ఇనాలె," అంది.

చెప్పేసింది. ఎక్కడా ఆగకుండా, రికార్డరు దగ్గర మొదలుపెట్టి, దవాఖాన వరండా, గొంతు సగానికి కొయ్యడం, భాస్కర్‌తో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. పోశయ్య అర్థంకాక ఒకసారి ఆమెను, ఒకసారి ఉప్పలయ్యను చూశాడు.

ఉప్పలయ్య లేచి స్తంభం దగ్గరికి పోయి తాడు విప్పాడు. ఫోన్ను చెవికి ఆనించుకొని పాట మొదటి నుంచి పెట్టాడు. పదకొండో సెకను రాగానే కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి ఎవరో మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు. తర్వాత పాట ఆపేశాడు. యార్డులో ఆ షెడ్డు ఒక్కటే చడీచప్పుడు లేకుండా అయింది.

"వారం సంది," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "వారం సంది నా బిడ్డ మొత్తుకునుడు మీద బస్తాలు దించుతాన."

"బాపు," అంది శ్రీలత.

"నువ్వు ఊకో." కాగితం మీది కంకులు తీసి పక్కన పెట్టాడు. కాగితాన్ని నాలుగు మడతలు చేసి చొక్కా జేబులో వేసుకున్నాడు. వినోదతో మాట్లాడినప్పుడు మేడం అనలేదు, మీరు అనలేదు. "ఎంత ఎత్తుకెల్లి పడ్డది?"

"ఆరడుగులు."

"సూపియ్యి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. రైలెన్ని గంటలకు?"

పోశయ్య కంగారుపడ్డాడు. సగం లారీ ఇంకా నింపాల్సి ఉందని గుర్తుచేశాడు. ఇరవై ఆరేళ్ళలో ఉప్పలయ్య పని మధ్యలో వదిలిపోవడం ఆయన చూడలేదు. "నా బదులు నువ్వు మొయ్యి, రేపు నీ బదులు నేను మోస్త," అని ఉప్పలయ్య చెప్పులు వేసుకున్నాడు.

రైల్లో ముగ్గురూ ఎదురెదురుగా కూర్చున్నారు. వినోద కూడా కూర్చుంది. తలుపు దగ్గరికి పోతే పారిపోయినట్టు ఉంటుందేమో అనిపించింది. వేళ్ళు తొడ మీద కదలబోతే రెండు చేతులూ కలిపి పట్టుకుంది. ఉప్పలయ్య కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. నెక్కొండ దాటాక ఒక్కటే అడిగాడు, పడ్డప్పుడు నొప్పి ఎంతసేపు ఉందని, కూతుర్ని. మొదట తెలియలేదని, తర్వాత దవాఖాన దాకా ఉందని ఆమె చెప్పింది. వరంగల్ స్టేషన్లో దిగి గోదాం దాకా నడిచారు. దారిలో రెండుచోట్ల "బర్రున" వినిపించింది. రెండుచోట్లా ఆయన నడక వేగం పెంచాడు.

గోదాంలో సాయంత్రం సాధన మొదలైంది. రేకుల కప్పు చిల్లుల్లోంచి ఎండ నేల మీద గుండ్రంగా పడుతోంది. పిల్లలు బోర్డుల మీద ఒకరి వెనక ఒకరు తిరుగుతున్నారు. ఇద్దరు డప్పులు వాయిస్తున్నారు. శ్రీలతను చూడగానే అందరూ ఉరికొచ్చారు. వెనక వస్తున్న మనిషిని చూసి ఆగారు. భాస్కర్ స్పీకరు ఆపేశాడు.

ఉప్పలయ్య చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికి వచ్చాడు. ర్యాంపు దగ్గరికి పోయి చెక్కను వేలి కణుపులతో కొట్టి చూశాడు. అతుకుల మీద బరువుగా అరచెయ్యి వేసి నొక్కాడు. పక్కనున్న నిచ్చెన ఎక్కి పైన నిలబడి, కిందికి చాలాసేపు చూశాడు. దిగి వచ్చాడు.

"చెక్క మంచిగనే ఉన్నది. కట్టినోడు పనోడే," అన్నాడు. దాన్ని కట్టిన భాస్కర్ తల దించుకున్నాడు. ఉప్పలయ్య వినోద వైపు తిరిగాడు. "మా కాడ కొత్తగ పనికి అచ్చినోన్ని ముందుగాల లారీ కాడికి పంపం. నేర్పేటోడు బస్తా ఎత్తుకొని చెక్క పలక ఎక్కి సూపిస్తడు. కాలు ఏడ పెట్టాలె, బరువు ఎటు గుంజుతది, అన్ని. అటెంకనే వాని మెడ మీద పెడ్తం. దీని మీదికెల్లి నువ్వు ఎన్నిసార్లు దిగినవ్ బిడ్డా?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పిల్లలు జవాబు కోసం వినోదను చూశారు. వాళ్ళ కళ్ళలో అనుమానం కూడా లేదు. అక్క వందసార్లు దిగి ఉంటుందని వాళ్ళ నమ్మకం.

వినోదకు ఆ రోజు ఒక నిజం చెప్పేసరికే ఒళ్ళు అలసింది. అయినా రెండోది దానంతటదే వచ్చింది.

"దిగలే," అంది. "ఒక్కసారి గూడ దిగలే."

వినోదే మళ్ళీ అందుకుంది.

"హైదరాబాదుల ఒకపారి పడ్డ. ఏం ఇరగలే. కాని అప్పటిసంది ఎత్తు ఎక్కితె కాళ్ళు వణుకుతయ్. కింద ఎంతసేపైనా తిరుగుత. పైకి మాత్రం పోను. సప్పుడు పట్టాలె, రికార్డు చెయ్యాలె అని పక్కకు నిలబడుడు అలవాటు చేసుకున్న."

"మరి మాకెట్ల చెప్పినవక్కా?" అంది శ్రీలత. "మోకాలు ఇట్ల వంచాలె, ఇట్ల వాలాలె అని?"

"ఫోన్ల సూసి చెప్పిన."

పిల్లల్లో ఒకమ్మాయి తన బోర్డును కాలితో తిప్పి చేతిలోకి తీసుకొని గుండెకు ఆనించుకుంది. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడేళ్ళుగా తన చుట్టూ తిరిగిన ఆ కళ్ళు తన నుంచి ఒక్కొక్కటిగా పక్కకు మళ్ళడం వినోదకు తెలుస్తోంది.

ఉప్పలయ్య జేబులోంచి కాగితం తీశాడు. "నా బిడ్డ పడ్డందుకు నాకు కోపం లేదు. అది దిగుతనని దిగింది. సంతకం పెడ్త. కాని ఒక్క మాట. నువ్వు దిగని కాడికెల్లి ఈ పిల్లలను దింపద్దు. పాటలు పాడుకోండ్రి, కింద తిరుగుండ్రి. ఇది ఇప్పెయ్యి." ర్యాంపును చూపించాడు.

అది అన్యాయమని ఏ పిల్లా అనలేదు. కానీ అందరి చూపూ ర్యాంపు మీదికి పోయింది. దాని కోసం వాళ్ళు నాలుగు నెలలు చెక్కలు మోశారు. వాళ్ళలో కొందరికి ఇంట్లో, బడిలో, ఎక్కడా లేని ధైర్యం ఆ పైమెట్టు మీద మొదటిసారి దొరికింది.

వినోద సంచి కింద పెట్టింది. మెడలోని హెడ్‌ఫోన్ తీసి సంచి మీద పెట్టింది. గోడకు ఆనించి ఉన్న బోర్డుల్లోంచి ఒకటి తీసుకొని నిచ్చెన వైపు నడిచింది.

"నేను దిగుమంటలే బిడ్డా," అన్నాడు ఉప్పలయ్య కంగారుగా. "నా మాట అది కాదు."

"నాకు ఎర్క కాకా."

నిచ్చెనకు ఏడు మెట్లు. నాలుగో మెట్టు దగ్గరే కాళ్ళు వణకడం మొదలైంది. పైన నిలబడి చూస్తే కింద నేల ఆరడుగుల దూరంలో లేదు, ఇంకెక్కడో ఉంది. పిల్లల ముఖాలు చిన్నవిగా కనిపించాయి. బోర్డు అంచు మీద పెట్టి, వెనక కాలు దాని తోక మీద వేసి నిలబడింది. ముందు కాలు చెక్క మీది నుంచి లేవడం లేదు. ఎంతసేపు అలా ఉందో తెలియలేదు. దిగిపోవచ్చు. నిచ్చెన వెనకే ఉంది.

శ్రీలత ర్యాంపు ఎదుటికి వచ్చి నిలబడింది.

"అక్కా, కిందికి సూడకు. నా దిక్కు సూడు," అంది. "మోకాళ్ళు వంచు. ఇంకా వంచు. భయమైతె ఒళ్ళు ఎనకకు వాలుతది. నేను గట్లనే వాలిన, అందుకే పడ్డ. నువ్వు వాలకు."

"ఫోన్ల గీ సంగతి చెప్పలే," అంది వినోద. నవ్వబోయింది.

"నేను చెప్తాన గదా."

ఉప్పలయ్య కాగితాన్ని మళ్ళీ జేబులో కుక్కాడు. కూతుర్ని భుజం పట్టి పక్కకు జరిపి, ర్యాంపు దిగువన కాళ్ళు ఎడంగా పెట్టి, లారీ మీద నుంచి జారే బస్తాను అందుకోవడానికి నిలబడినట్టు, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

వినోద ముందు కాలు ఎత్తి బోర్డు మీద వేసింది. చక్రాలు అంచు దాటాయి.